పిల్లలకు దొడ్డికి రక్తం పోతే: అన్నీ వేడి కాదు, మొలలు అసలే కాదు

చంటిబిడ్డ బట్ట మార్చేటప్పుడు ఎర్రటి చార కనబడినా, బడికి వెళ్లే పిల్లవాడు వచ్చి "అమ్మా, దొడ్డికి పోతే నెత్తురు పడింది" అన్నా తల్లికి కాళ్లూ చేతులూ ఆడవు. అంతలో ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు: "ఏం కాదు బిడ్డా, వేడి చేసింది. సబ్జా నీళ్లు తాపు, పెరుగన్నం పెట్టు." పక్కింటివాళ్లు వచ్చి "మొలలేమో" అంటారు. తిరుమలగిరి, తుంగతుర్తి, అర్వపల్లి, మోత్కూరు ప్రాంతాల్లో ఏ ఊరికి వెళ్లినా ఈ రెండు మాటలే వినబడతాయి. పెద్దవాళ్ల ప్రేమను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఈ రెండు మాటల వల్ల పోయే సమయం కొందరు పిల్లల విషయంలో చాలా ఖరీదైనది. పెద్దలకు వచ్చే మొలలు పిల్లలకు చాలా అరుదు. "వేడి" అనే జబ్బు వైద్య పుస్తకాల్లో ఎక్కడా లేదు. రక్తం వస్తున్నదంటే లోపల ఎక్కడో ఒకచోట కారణం ఉంటుంది. ఆ కారణం చాలాసార్లు చిన్నదే. కొన్నిసార్లు మాత్రం గంటల్లో తేల్చుకోవలసినది. ఏది చిన్నదో, ఏది పెద్దదో గుర్తుపట్టడానికి తల్లిదండ్రులు కొంత తెలుసుకుని ఉండాలి.

ముందుగా రక్తం లెక్క

పిల్లల ఒంట్లో రక్తం తక్కువ. కిలో బరువుకు సుమారు 80 మిల్లీలీటర్లు ఉంటుంది. 3 కిలోల పసికందు ఒంట్లో ఉండే మొత్తం రక్తం పావు లీటరుకు మించదు. 10 కిలోల ఏడాది బిడ్డకు సుమారు 800 మిల్లీలీటర్లు, అంటే లీటరు నీళ్ల సీసా కూడా నిండదు. ఆ బిడ్డ ఒక చిన్న టీ గ్లాసెడు రక్తం కక్కుకుంటే ఒంట్లో ఉన్నదానిలో ఎనిమిదో వంతు పోయినట్టే. పెద్దవాళ్లకు అంత పోతే కాస్త నీరసం వస్తుంది. బిడ్డకు అది ప్రమాదం.

రక్తం రంగును బట్టి అది ఎక్కడి నుంచి వస్తున్నదో కొంత తెలుస్తుంది. మలం మామూలుగా ఉండి, దాని పైన ఎర్రటి గీతలా, లేదా చివర్లో చుక్కలుగా రక్తం పడితే అది మలద్వారం దగ్గరి నుంచి వచ్చినది. మలంలో జిగటతో కలిసిపోయి వస్తే పెద్దపేగులోది. ముదురు ఎరుపు రంగులో వస్తే ఇంకా పై నుంచి వచ్చినది కావచ్చు. రోడ్డుకు వేసే తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో వస్తే అది సాధారణంగా కడుపులో, అంటే జీర్ణాశయంలో పడిన రక్తం, అరిగి నల్లబడి వచ్చినది. వాంతిలో కాఫీపొడి రంగు కనబడినా అర్థం ఇదే. అయితే పై భాగంలోనే చాలా ఎక్కువగా రక్తం పోతే, నల్లబడే వ్యవధి లేక, కింది నుంచి కూడా ఎర్రగానే వస్తుంది. కాబట్టి రంగు ఒక గుర్తు మాత్రమే, తీర్పు కాదు.

ఇక రక్తం కాని రక్తం కూడా ఉంటుంది. బీట్‌రూట్ తిన్నా, ఈమధ్య మన తోటల్లో కూడా పండిస్తున్న ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ తిన్నా, జాతరలో రంగు ఐసు చప్పరించినా మలం ఎర్రబడుతుంది. నేరేడు పళ్లు తింటే ముదురు రంగు వస్తుంది. ముక్కు నుంచి కారిన రక్తాన్ని రాత్రి నిద్రలో మింగిన పిల్లలు పొద్దున్నే వాంతి చేసుకుంటారు. అందుకే డాక్టరు మొదట "నిన్న ఏం తిన్నాడు? ముక్కు నుంచి రక్తం కారిందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న విని "మేం ఇంత భయపడి వస్తే తిండి గురించి అడుగుతారేంటి" అని విసుక్కోకండి.

పుట్టిన బిడ్డకు

పుట్టి రెండు మూడు రోజులైన బిడ్డ రక్తం కక్కితే, అది కాన్పు సమయంలో మింగిన తల్లి రక్తం కావచ్చు. తల్లి చనుమొన పగిలి పాలతో పాటు రక్తం లోపలికి పోయినా ఇలాగే కనిపిస్తుంది. ఈ రెండింటిలో బిడ్డకు ప్రమాదం లేదు. కానీ ఆ మాట పరీక్ష చేసిన డాక్టరు చెప్పాలి, ఇంట్లో అనుకోకూడదు. ఎందుకంటే అదే వయసులో విటమిన్ కె లోపం వల్ల కూడా రక్తస్రావం వస్తుంది. రక్తం గడ్డకట్టడానికి ఈ విటమిన్ కావాలి. పుట్టినప్పుడు బిడ్డ ఒంట్లో ఇది చాలా తక్కువ, తల్లిపాలలో కూడా తక్కువే. అంతమాత్రాన తల్లిపాలు మాన్పించవద్దు. పుట్టగానే తొడకు ఇచ్చే ఒక్క విటమిన్ కె ఇంజెక్షన్ చాలు. ఆసుపత్రి కాన్పుల్లో దీన్ని ఇస్తారు. దారిలోనో, ఇంట్లోనో కాన్పు అయితే ఇది తప్పిపోతుంది. అలాంటి బిడ్డను వెంటనే ఆసుపత్రికి తెచ్చి ఇప్పించండి. ఇది అందని బిడ్డలకు నెల, రెండు నెలల తర్వాత కూడా తలలో రక్తస్రావం జరగవచ్చు.

ఆరు నెలల లోపు బిడ్డకు డబ్బా పాలు, గేదె పాలు, ఆవు పాలు పోసినప్పుడు కొందరికి పడక, మలంలో జిగటతో పాటు సన్నటి రక్తపు దారాలు కనిపిస్తాయి. బిడ్డ మాత్రం హుషారుగానే ఉంటాడు. పాలు మార్చే ముందు డాక్టరును అడగండి.

పేగులో పేగు దూరితే

ఈ వ్యాసంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే, ఇది గుర్తుపెట్టుకోండి. నాలుగు నెలల నుంచి పది నెలల మధ్య పిల్లల్లో ఇది ఎక్కువగా వస్తుంది. రెండేళ్ల వరకు కూడా చూస్తాం. చొక్కా చేతిని పైకి మడిచినప్పుడు ఒక మడతలోకి ఇంకో మడత దూరినట్టు, పేగులోని ఒక ముక్క పక్క ముక్కలోకి దూరిపోతుంది. చాలాసార్లు అంతకుముందు జలుబో, విరేచనాలో వచ్చి ఉంటాయి. దూరిన పేగుకు రక్తప్రసారం నలిగిపోతుంది. గంటలు గడిచేకొద్దీ ఆ ముక్క కుళ్లడం మొదలవుతుంది.

దీని ఏడుపు వేరు. బొద్దుగా, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఉన్నట్టుండి కేకపెట్టి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఏడుస్తాడు. రెండు మూడు నిమిషాల తర్వాత ఆపేస్తాడు. పావుగంటకో, ఇరవై నిమిషాలకో మళ్లీ అదే కేక. మధ్యలో పాలు కూడా తాగవచ్చు. అందుకే ఇంట్లోవాళ్లు "దిష్టి తగిలింది", "గాలి పట్టింది", "పళ్లు వస్తున్నాయి" అనుకుంటారు. కొంతసేపటికి వాంతులు మొదలవుతాయి, తర్వాత అవి ఆకుపచ్చగా మారతాయి. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య బిడ్డ వాడిపోయి, తేలిపోయినట్టు పడుకుంటాడు. చివరికి జామ్ లాంటి ఎర్రటి జిగట దొడ్డికి వస్తుంది. చివరికి అన్న మాట గమనించండి. రక్తం కనబడిన తర్వాత బయలుదేరుదాం అనుకుంటే అప్పటికే ఆలస్యమై ఉంటుంది.

దీన్ని రక్త విరేచనాలు అనుకుని సిరప్ ఇచ్చి పంపడం కూడా జరుగుతుంటుంది. తేడా ఇది. రక్త విరేచనాల్లో జ్వరం ఉంటుంది, మాటిమాటికి మలం పోతుంది. పేగు దూరినప్పుడు అసలు మలం ఆగిపోతుంది, వచ్చేది ఉత్త జిగట, రక్తం. కడుపు స్కానింగ్‌లో ఇది సాధారణంగా తేలిపోతుంది. త్వరగా వస్తే చాలామంది బిడ్డలకు కోత అవసరం ఉండదు. మలద్వారం గుండా గాలినో, సెలైన్ నీళ్లనో ఒత్తిడితో పంపి, స్కానింగ్‌లోనో ఎక్స్‌రేలోనో చూస్తూ దూరిన పేగును వెనక్కి నెడతారు. ఒక రోజు గడిచిపోతే ఆ అవకాశం తగ్గుతుంది. కడుపు కోసి కుళ్లిన ముక్క తీసేయవలసి రావచ్చు. సరిచేసిన తర్వాత కూడా పదిమందిలో ఒకరి వరకు మళ్లీ రావచ్చు. అదే ఏడుపు మళ్లీ వినబడితే వెంటనే తిరిగి రండి.

కొందరు తల్లులు "రోటా చుక్కల మందు వేస్తే పేగు మడతపడుతుందట కదా" అని అడుగుతున్నారు. ఈ భయం ఊరికే పుట్టలేదు. అమెరికాలో వాడిన పాత రోటా టీకా ఒకదాన్ని ఈ కారణంగానే 1999లో ఆపేశారు. తర్వాత వచ్చిన టీకాలను ఆ కన్నుతోనే పరీక్షించారు. మనకు వేస్తున్న వాటిలో ఒకటైన రోటావాక్ మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసినది. వెల్లూరు మిషన్ ఆసుపత్రి కూడా దాని ప్రయోగ పరీక్షల్లో పాల్గొన్నది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి నాలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం రోటా టీకా మొదలుపెట్టింది, తర్వాత దేశమంతటికీ విస్తరించింది. టీకా వేసిన తర్వాత పేగు మడతపడటం పెరిగిందా అని మన దేశంలోనే పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. అలాంటి సంబంధం కనబడలేదు. కాబట్టి 6, 10, 14 వారాల చుక్కలు తప్పకుండా వేయించండి.

నడిచే పిల్లలు, బడి పిల్లలు

ఈ వయసులో అన్నిటికంటే ఎక్కువగా చూసేది మలబద్ధకం. రోజంతా పాలు, బిస్కెట్లు, కుర్‌కురేలతో కడుపు నింపుకునే పిల్లవాడికి మలం రాయిలా గట్టిపడి, బయటికి వచ్చేటప్పుడు ఆసనం దగ్గర చర్మం చీలుతుంది. చుక్క రక్తం, మంట. ఆ మంటకు భయపడి మరుసటి రోజు దొడ్డికి పోకుండా బిగబట్టుకుంటాడు. మలం ఇంకా గట్టిపడుతుంది. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోబెట్టడం, నీళ్లు, జామ, బొప్పాయి, ఆకుకూరలు, జొన్నరొట్టె, డాక్టరు రాసిన మెత్తబరిచే మందు. ఈ మందును రెండు రోజులకే ఆపేసేవాళ్లే ఎక్కువ. వారాలు, కొందరికి నెలలు వాడాలి.

నొప్పి లేదు, మలబద్ధకం లేదు, పిల్లవాడు హాయిగా ఆడుకుంటున్నాడు, అయినా వారానికి రెండు మూడుసార్లు ఎర్రటి రక్తం పడుతున్నది అంటే పాలిప్ కావచ్చు. పెద్దపేగు చివరన కాడతో వేలాడే చిన్న కండ ఇది. రెండేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ. సాధారణంగా ఒక్కటే ఉంటుంది, అలాంటిది క్యాన్సర్ కాదు. ఒక్కోసారి దొడ్డికి కూర్చున్నప్పుడు ఎర్రటి ద్రాక్షపండులా బయటికి వచ్చి లోపలికి పోతుంది. దాన్ని చూసే "మొలలు" అంటారు. మొలలకు గ్యారంటీ వైద్యం అని గోడల మీద రాసుకునేవాళ్ల దగ్గరికి పిల్లల్ని తీసుకువెళ్లి దారం కట్టించడం, ఇంజెక్షన్ పొడిపించడం చేయవద్దు. మత్తు ఇచ్చి, కెమెరా గొట్టంతో లోపల చూసి, తీగ ఉచ్చుతో దాన్ని తీసేస్తారు. పిల్లవాడు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోతాడు.

జ్వరంతో, కడుపు మెలితిప్పుతూ, కొద్దికొద్దిగా జిగట రక్తం పోతే అది రక్త విరేచనాలు, వానాకాలంలో ఎక్కువ. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ మొత్తాన్ని ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాపండి. డాక్టరు చెప్పిన జింక్ మాత్ర 14 రోజులు వేయండి. విరేచనం ఆపేసే మాత్ర మెడికల్ షాపులో అడిగి వేయవద్దు, విషం లోపలే నిలిచిపోతుంది. విరేచనాలు తగ్గిపోయాక మూత్రం తగ్గి, ముఖం పాలిపోయి, ఉబ్బినట్టు కనిపిస్తే ఆ రోజే చూపించండి. కిడ్నీ దెబ్బతింటున్న సూచన అది.

నొప్పి లేకుండా ఉన్నట్టుండి ఎక్కువ రక్తం పోయే రెండేళ్ల లోపు పిల్లల్లో, పుట్టుకతో చిన్నపేగుకు మిగిలిపోయిన చిన్న సంచి కారణం కావచ్చు. దానికి ఆపరేషన్ చేస్తారు. కాళ్ల మీద, పిరుదుల మీద ఎర్రటి మచ్చలు, కీళ్ల నొప్పి, కడుపునొప్పి కలిసి వస్తే అది రక్తనాళాల వాపు. నులిపురుగుల్లో కొంకిపురుగు రక్తాన్ని కనబడకుండా పీలుస్తుంది. మలంలో ఎరుపు కనబడదు, బిడ్డ మాత్రం పాలిపోతాడు. పొలం గట్ల మీద చెప్పులు లేకుండా తిరిగే పిల్లలకు అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర తప్పించవద్దు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు గిన్నెడు రక్తం కక్కితే

అయిదారేళ్ల పిల్లవాడు. నిన్నటి దాకా గోళీలాడాడు. రాత్రి కడుపులో తిప్పుతున్నదని లేచి, నొప్పి ఏమీ లేకుండా గిన్నెడు ఎర్రటి రక్తం కక్కాడు. ఇలాంటప్పుడు చాలామంది చేతబడి అనో, గాలి సోకిందనో భయపడతారు. మన దేశంలో పిల్లలు ఇలా ఎక్కువ మొత్తంలో రక్తం కక్కడానికి ఎక్కువగా కనబడే కారణం ఒకటి ఉంది. పేగుల నుంచి కాలేయానికి రక్తం తీసుకుపోయే పెద్ద సిర మూసుకుపోవడం. దీన్ని పోర్టల్ సిర అంటారు. చెరువుకు పోయే కాలువ పూడిపోతే నీళ్లు గట్ల మీదుగా పక్కదారి పట్టినట్టు, రక్తం అన్నవాహిక గోడలోని సన్నటి సిరల్లోకి మళ్లుతుంది. అవి ఉబ్బి ఉబ్బి ఒకరోజు పగులుతాయి. ప్లీహం కూడా పెరుగుతుంది. ఎడమ డొక్క కింద గట్టిగా తగిలే దాన్ని పెద్దలు "కడుపులో బల్ల పెరిగింది" అనేవారు. ప్లీహం పెరిగితే ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అందువల్ల ఆ రిపోర్టు చూసి డెంగీ అనుకోవడమూ ఉంది.

ఈ సిర ఎందుకు మూసుకుపోతుంది? చాలామందిలో కారణం దొరకదు. కొందరిలో మాత్రం పుట్టినప్పుడు బొడ్డుకు పట్టిన చీము లోపలికి పాకడం వల్ల అని తెలుసు. బొడ్డుతాడు మీద బూడిద, పేడ, పసుపు, నూనె పెట్టే అలవాటు ఉన్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. పుట్టిన వారంలో పెట్టిన చిటికెడు బూడిదకు బిడ్డ అయిదేళ్ల తర్వాత వెల కట్టవలసి రావచ్చు. బొడ్డు మీద ఏమీ పెట్టకండి. పొడిగా వదిలేయండి. దానంతటదే రాలిపోతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము వాసన వచ్చినా ఆ రోజే తీసుకురండి.

ఈ జబ్బులో ఊరట కలిగించే విషయం ఏమంటే కాలేయం సాధారణంగా బాగానే ఉంటుంది. సమయానికి వస్తే రక్తం ఎక్కించి, ఎండోస్కోపీతో ఉబ్బిన సిరలకు చిన్న రబ్బరు బ్యాండ్లు వేసి బిగిస్తారు, లేదా మందు ఎక్కించి మూస్తారు. కొందరికి తర్వాత ఆపరేషన్ చేసి రక్తానికి వేరే దారి ఇస్తారు. ఎండోస్కోపీ వైద్యంలో మన హైదరాబాద్‌కు దేశం బయట కూడా పేరుంది. ఈ రంగంలో పనిచేసిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అంటే వైద్యం మనకు దూరం కాదు. ఇబ్బంది అంతా మొదటి కొన్ని గంటల్లోనే. ఒక వాంతి అయి ఆగిపోగానే "తగ్గింది" అని ఇంట్లో ఉండిపోతారు. రెండో వాంతి మొదటిదానికంటే పెద్దది కావచ్చు. ఈ పిల్లలకు జ్వరం వచ్చినా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ ఇవ్వకూడదు.

ఆ మాట మిగతా పిల్లలకు కూడా చాలావరకు వర్తిస్తుంది. జ్వరానికి, నొప్పికి ఇష్టమొచ్చినట్టు వేసే నొప్పి మాత్రలు, సూదులు జీర్ణాశయం గోడను గీరి రక్తం కారుస్తాయి. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడకూడదని మన ప్రభుత్వం 2011లోనే నిషేధించింది. జ్వరానికి బిడ్డ బరువును బట్టి పారాసిటమాల్ చాలు. డెంగీ సీజన్లో ఇది మరీ ముఖ్యం. బొమ్మల్లోని గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే అది అన్నవాహికను గంటల్లో కాల్చేస్తుంది. రక్తం కనబడే దాకా ఆగకండి.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు

రక్తపు వాంతి, తారులాంటి మలం, ఆగని రక్తం, పైన చెప్పిన ఏడుపు, ఆకుపచ్చ వాంతి, ఉబ్బి గట్టిపడిన కడుపు, చల్లబడిన చేతులు, పాలిపోయిన పెదవులు, మగత. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారే దాకా చూడవద్దు. 108కు ఫోన్ చేయండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పాలు, నీళ్లు, పసరు, మాత్ర ఏదీ నోట్లో వేయవద్దు. మత్తు ఇవ్వాలన్నా, ఆపరేషన్ చేయాలన్నా కడుపు ఖాళీగా ఉండాలి. కడుపు మీద వాతలు పెట్టించవద్దు. ప్రార్థన చేయండి, మేమూ చేస్తాం. కానీ ప్రార్థన దారిలో కూడా చేయవచ్చు, బండి ఆపనక్కరలేదు.

మలం అంటిన బట్టను ఉతకకుండా కవర్లో పెట్టి తీసుకురండి, లేదా ఫోన్‌లో ఫొటో తీయండి. "కొంచెం పడింది" అనే మాటకన్నా ఆ ఫొటో డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. వాడిన మందుల చీటీలు, టీకాల కార్డు, ఆరోగ్యశ్రీ కోసం రేషన్ కార్డు తెచ్చుకోండి. ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించి ఉంటే దాచకండి, ఎవరూ కోప్పడరు. మా దగ్గర ముందుగా సెలైన్ పెట్టి, రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు చూసి, స్కానింగ్ చేయించి, అవసరమైతే సూర్యాపేట జనరల్ ఆసుపత్రికో, హైదరాబాద్ నీలోఫర్‌కో పంపుతాం. పంపడం అంటే చేతులెత్తేయడం కాదు. పిల్లల ఎండోస్కోపీ, పిల్లల సర్జన్ ఉన్నచోటికి బిడ్డ నిలకడగా చేరాలనే ముందు సెలైన్, రక్తం ఇస్తాం.

రక్తం అవసరమైనప్పుడు నాన్న, బాబాయి, మేనమామ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడటం చూస్తుంటాం. 18 ఏళ్లు నిండి, 45 కిలోలకు పైగా బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఇవ్వవచ్చు. తీసేది 350 మిల్లీలీటర్లు. అందులోని నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో తిరిగి వచ్చేస్తుంది. పొలం పనికి వెళ్లలేనంత బలహీనత రాదు. ఇచ్చిన రోజు మాత్రం బరువులు ఎత్తకుండా, నీళ్లు బాగా తాగితే సరిపోతుంది.

డిశ్చార్జి తర్వాత పోయిన రక్తం తిరిగి పట్టడానికి ఐరన్ సిరప్ కొన్ని నెలలు రాస్తారు. పాలు, టీతో కాకుండా నిమ్మరసంతో ఇస్తే ఒంటికి బాగా పడుతుంది. సిరప్ మొదలుపెట్టాక మలం నల్లగా వస్తుంది. అది చూసి మళ్లీ రక్తం పోతున్నదని మందు ఆపేయకండి. ఐరన్ వల్ల వచ్చే నలుపు గట్టిగా, మామూలు వాసనతో ఉంటుంది. జిగటగా, తారులా, కుళ్లు వాసనతో ఉంటే, లేదా బిడ్డ మళ్లీ పాలిపోతే, చీటీలో రాసిన తేదీ దాకా ఆగకుండా వెంటనే తీసుకురండి.